శ్రీనాథ మహాకవి – పలనాటి భయానకము

ఈపూరులో ఒక రాత్రి జరిగిన ప్రసంగము ఈ వ్యాసమునకు కారణము. భోజనానంతరము ఒక రైతు గృహస్థుని వసారాలో పదిమందిమి కూర్చుండియుండగా, పట్టణమున విద్యాభ్యాసము ముగించి వచ్చిన ఆయన కుమారుడు ఇంగ్లీషులోని భయానక కథలను గూర్చి ప్రస్తావించెను. ఎడ్గార్ పో మొదలగువారి చిన్నకథలు చదివిన రాత్రి దీపమార్పుటకు చేయి రాదనియు, అట్టి శిల్పము తెలుగు కవులు ఎరుగరనియు, మనవారు దయ్యమును చూపి ఊరకుందురే కాని భయమును మెట్టుమెట్టుగ పెంచుట నేర్వలేదనియు అతని అభిప్రాయము. ఇంటి యజమాని మారు పలుకలేదు. మూలను కూర్చున్న వృద్ధుడొకడు మాత్రము, కారెంపూడి వీరుల తిరునాళ్లలో విద్యావంతుల పాట ఎన్నడైన విన్నావా యని ఆ యువకుని అడిగెను. అతడు వినలేదు. సంభాషణ అంతటితో ఆగిపోయినది. కాని ఆ ప్రశ్న మమ్ము విడువలేదు. దానికి చెప్పదగిన సమాధానము ఒక మహాకవి జీవితమునందే కలదని మాకు తోచుచున్నది.

ఈపూరునకు దక్షిణమున వినుకొండ, ఉత్తరమున కారెంపూడి, తూర్పున కొండవీడు. ఈ మూడు పేరులును శ్రీనాథునితో ముడివడినవే. కొండవీడు ఆయనకు అధికారమిచ్చినది. వినుకొండ పేర వెలసిన క్రీడాభిరామమును వల్లభరాయునిదిగా కొందరును, శ్రీనాథునిదిగా కొందరును చెప్పుదురు. కారెంపూడి ఆయనకు ఒక కథ నిచ్చినది. 2022లో ఏర్పడిన పల్నాడు జిల్లాలో ఈ ఊళ్ల నడుమ నేడు బస్సులు తిరుగుచున్నవి. కాని ఆ దారులవెంట ఆరు వందల యేండ్లకు పూర్వము నడచిన కవిని తలచువారు అరుదు.

శ్రీనాథుడు 14వ శతాబ్ది తుదిపాదమున జన్మించెనని పెద్దలు నిర్ణయించిరి. తండ్రి మారయ, తల్లి భీమాంబ. తాత కమలనాభుడు కవి. బాల్యమునందే మరుత్తరాట్చరిత్రమును, నూనూగు మీసముల ప్రాయమున శాలివాహన సప్తశతిని రచించెను. ఆ రెండును నేడు లభించుట లేదు. నిండు యౌవనమున శ్రీహర్షుని నైషధమును తెనిగించి మామిడి సింగనమంత్రికి అంకితము చేసెను. సంస్కృత పండితులు సైతము జంకు కావ్యమునకు తెలుగున అంతటి ఠీవి కల్పించినవాడు వేరొకడు లేడు. 1402 మొదలు 1420 వరకు కొండవీటి నేలిన పెదకోమటి వేమారెడ్డి కొలువున ఆయన విద్యాధికారి. ఫిరంగిపురపు శాసనమును రచించినవాడును ఆయనయే. విజయనగరమున ప్రౌఢదేవరాయల సభలో డిండిమభట్టు నోడించి, అతని కంచుఢక్కను పగులగొట్టించి, కనకాభిషేకమును పొందెనను ప్రసిద్ధి ఆంధ్రదేశమున పసివారికి సైతము తెలిసినదే.

ఇంతవరకు చెప్పినది ఎల్లరు చెప్పునదే. శృంగారకవిగా, చాటుకవిగా, భోగిగా శ్రీనాథుని లోకము స్మరించుచున్నది. భయమును నిర్మించుటలో ఆయనకు గల నేర్పును గుర్తించినవారు మిక్కిలి కొందరు. మేము చెప్పదలచినది దానిని గూర్చియే.

మొదట భయానకమనగా నేమో తెలిసికొనవలెను. భరతముని దానిని రసములలో నొకటిగా పేర్కొని, దానికి భయమును స్థాయిగా నిర్దేశించెను. రక్తమాంసములను చూచి కలుగు జుగుప్స బీభత్సమునకు స్థాయి కాని భయానకమునకు కాదు. ఈ రెంటికిని గల భేదమును మన పూర్వులు చక్కగా ఎరుగుదురు. అభినవగుప్తుడు భయానకమునకు ఉదాహరణముగ దేనిని గ్రహించెనో చూడుడు. శ్మశానమును కాదు, రాక్షసిని కాదు. శాకుంతలమున దుష్యంతుని రథము ముందు పరుగిడు లేడిని. ఆ లేడికి బాణమింకను తగులలేదు. అది పరుగిడుచు మాటిమాటికి మెడ త్రిప్పి వెనుకకు చూచుచున్నది. సగము నమిలిన గడ్డి నోటనుండి జారుచున్నది. భయము బాణమునందు లేదు. బాణము తగులుటకు ముందున్న ఎడమునందున్నది. ఆ ఎడమును ఎంత నేర్పుతో పొడిగించిన కవి అంత భయమును పుట్టింపగలడు.

పాశ్చాత్యులు ఈ విషయమును తెలిసికొనుటకు కొంతకాలము పట్టినది. 1764లో హోరేస్ వాల్పోల్ ప్రకటించిన ఒట్రాంటో దుర్గము కథలో ఆరంభముననే ఒక మహాశిరస్త్రాణము పడి వరుని చంపును. చదువరికి ఆశ్చర్యము కలుగును కాని వెన్ను చలింపదు. ఏలయన, వేచియుండుటకు ఎడమే లేదు. తరువాతి శతాబ్దమున ఎడ్గార్ పో ఈ లోపమును సవరించెను. చిన్నకథలో మొదటి వాక్యము మొదలు ప్రతి మాటయు ఒకే ఫలమునకై పనిచేయవలెనని 1842లో హాథారన్ కథలను విమర్శించుచు ఆయన సిద్ధాంతీకరించెను. ఇది మెచ్చదగిన సిద్ధాంతమే. కాని ఇది మనకు క్రొత్త యని తలచుట మాత్రము పొరపాటు.

హరవిలాసమును తీసికొందము. సుగంధద్రవ్యములను ఓడలపై తెప్పించిన వర్తకుడు అవచి తిప్పయ్యసెట్టికి శ్రీనాథుడు దానిని అంకితమిచ్చెను. అందు చిరుతొండనంబి కథ కలదు. కాంచీపురమున నిత్యము శివభక్తునికి భోజనమిడక తాను భుజింపని వణిజుడు చిరుతొండడు. శివుడు తపసి వేషమున అతిథియై వచ్చును. కథ తెలియనివారు ఎవరు? అయినను చదువునప్పుడు గుండె బిగిసికొనుటకు కారణమేమి? అతిథి తన కోరికను ఒక్కసారిగా చెప్పడు. నియమము వెంట నియమమును చెప్పును. ఒక్కొక్క నియమమును విడిగా చూచిన మర్యాదగల గృహస్థుడు కాదనరానిదిగనే కన్పట్టును. మొదటిదానికి తలయూచినవాడు రెండవదానికి వెనుదీయలేడు. చిట్టచివర నిలుచున్నది కన్నకొడుకు సిరియాళుని మాంసము. బడినుండి పిలిపింపబడిన బాలుడు ఇల్లు చేరును. వంట జరుగును. వడ్డన జరుగును. ఇక భరింపలేమని చదువరి తలచునంతలో, పుత్రుడు లేని యింట తాను తినజాలనని అతిథి కొడుకును పిలువుమనును. తల్లిదండ్రులు చేతులార చంపిన బిడ్డను వాకిట నిలిచి పేరుపెట్టి పిలువవలసివచ్చును.

ఇట్టి ఘట్టమే ఇంగ్లీషున ఒకటి కలదు. జేకబ్సు అను నాతడు 1902లో ప్రకటించిన కోతిచేయి కథలో, యంత్రమున నలిగి మరణించిన కుమారుని తిరిగి రమ్మని తల్లి కోరించును. అర్ధరాత్రమున తలుపు తట్టిన సవ్వడి వినబడును. తల్లి గడియ తీయుటకు పరుగిడును. తండ్రి ఆ వచ్చినది ఏ రూపమున నున్నదో యని వణకి, దానిని మరల పోగొట్టుమని కోరుకొనును. తలుపు తెరచునప్పటికి వీథి శూన్యము. అతి నేర్పుగల కథ. కాని చదువరులు రెంటిని ప్రక్కప్రక్కన నుంచి చూతురు గాక. అక్కడ రచయిత తలుపు మూసియుంచి భయమును కాపాడుకొనెను. ఇక్కడ శ్రీనాథుడు తలుపు తెరచి, నవ్వుచు పరుగెత్తి వచ్చు బిడ్డను చూపెను. భయము కరుగలేదు, భక్తిగా మారినది. భయమును పుట్టించుట ఒక నేర్పు. పుట్టిన భయమును ఎచ్చటకు చేర్చవలెనో ఎరుగుట అంతకు మించిన నేర్పు.

కాశీఖండములోని వ్యాసుని ఆకలి మరియొక నిదర్శనము. శిష్యులతో కాశిలో బిచ్చమునకు వెడలిన వ్యాసునికి ఇంటింట భిక్ష దొరకదు. మరునాడును దొరకదు. ఏ ఇల్లాలును కసరి కొట్టదు, ఏదో ఒక కారణమున చేయి సాగదు, అంతే. కారణము కనబడని ఈ నిరాకరణము మాటిమాటికి జరుగుటచేత, నిండు పట్టపగలు, అన్నపూర్ణ కొలువైన నగరమున, చదువరికి ఒక విధమైన గగుర్పాటు కలుగును. మహర్షి కోపము పొంగి కాశినే శపింపబోవును. చీకటి కాని పిశాచము కాని లేకయే భయము పుట్టవచ్చునని ఈ ఘట్టము నిరూపించుచున్నది. మూసిన తలుపు చాలును.

పెదకోమటి వేమారెడ్డి మరణానంతరము నాలుగైదేండ్లలో కొండవీటి రెడ్లప్రభువము అస్తమించినది. విద్యాధికారికి అధికారము పోయినది. శ్రీనాథుడు రాజమహేంద్రవరము చేరి వీరభద్రారెడ్డికి కాశీఖండమును, ఆయన మంత్రి బెండపూడి అన్నయకు భీమఖండమును అంకితమిచ్చెను. కొలువు వెంట కొలువు, ఊరు వెంట ఊరు. ఈ తిరుగుడులోనే ఆయన పలనాటిని చూచెను. జొన్నకూడును, నీటి కరవును, రాళ్లనేలను ఎత్తిపొడిచి ఆయన చెప్పిన చాటువులు మన ప్రాంతమువారికి కంఠస్థములు. నవ్వి పోయినవాడు పోయినట్లుండక, ఆ రాళ్లనేల కథను ద్విపదగా వ్రాసి మాచెర్ల చెన్నకేశవునికి సమర్పించెను. ఈ ద్విపద ఆయనది కాదనువారును కలరు. పండితుల వాదము ముగియలేదు. పలనాటివాడే యైన అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో దానిని ప్రకటించినది మొదలు ఆంధ్రలోకము మాత్రము దానిని శ్రీనాథుని కృతిగనే చదువుచున్నది. మేమును అట్లే చదువుచున్నాము.

పలనాటి యుద్ధము 12వ శతాబ్దిలో, నాగులేటి ఒడ్డున కార్యమపూడి రణభూమిపై జరిగినది. అన్నదమ్ముల పాలు పంచుకొని గురజాలయు మాచెర్లయు వేరుపడినవి. నలగామరాజు పక్షమున నాయకురాలు నాగమ్మ, మలిదేవుని పక్షమున బ్రహ్మనాయుడు. కోడిపందెమున ఓడిన మాచెర్లవారు ఏడేండ్లు దేశము విడిచిరి. గడువు తీరిన పిమ్మట తమ పాలు అడుగుటకు రాయబారిగా వచ్చిన అలరాజు నలగామరాజునకు అల్లుడే. అతడు విషప్రయోగమున మరణించెను. భార్య పేరిందేవి సహగమనము చేసెను. తరువాత యుద్ధము.

శ్రీనాథుని పేర లభించు భాగము ప్రధానముగ బ్రహ్మనాయుని కుమారుడు బాలచంద్రుని కథ. అతడు చచ్చునని వినువారెల్లరకు మొదటనే తెలియును. ఏమగునను ఉత్కంఠ ఇందు లేదు. ఇక భయమెట్లు పుట్టును? ఆపదగినవారు ఆపుదురేమో యను ఆశవలన పుట్టును. తండ్రియు బంధువులును యుద్ధభూమి చేరినను, ఆ వార్త బాలునికి తెలియకుండ దాచిరి. అతడు తోడివారితో బొంగరములాడుచుండెను. విసరిన బొంగరము దారినపోవు స్త్రీ కాలికి తగిలినది. నొప్పితో ఆమె ఆడిన నిష్ఠురమునుండి, తనవారు రణమునకు పోయిరని అతనికి తెలిసినది. పోకథలలోని పాడుపడిన భవనములు, నేలమాళిగలు ఇక్కడ లేవు. ఒక పసివాని బొంగరము తప్ప వేరు సాధనము లేదు. అది తిరుగుచున్నంతసేపు లోకము నిలిచియుండును. అది పడిన చోటినుండి చావు బయలుదేరును.

ఆపైన బాలచంద్రుడు ఎక్కిన గడపలను లెక్కింపుడు. మొదటిది తల్లి ఐతాంబది. ఆమె వారించును, వినడని ఎరిగి, భార్యను చూచియైన ఆగునేమోయని మాంచాల యింటికి పంపును. రెండవ గడప మాంచాలది. ఆమెకు భర్త ముఖము చూచు భాగ్యము కలిగినది ఆ రాత్రియే. ఆమె పట్టియుంచిన ఆగును. ఆమె పట్టియుంచదు, కత్తి చేతికిచ్చి పంపును. మూడవది చెలికాడు అనపోతురాజు. బ్రాహ్మణుడగు మిత్రుడు తనవెంట చావరాదని బాలచంద్రుడు అతనిని నెపముతో వెనుకకు పంపును. మోసము తెలిసినపుడు అనపోతు ప్రాణము తీసికొనును. చూడుడు: ఇందు ద్రోహి యొక్కడును లేడు. అతనిని ప్రేమించినవారే ఒక్కొక్కరుగ అతనిని ఒక్కొక్క అడుగు ముందుకు పంపుచున్నారు. ప్రేమయే త్రోవయై చావునకు చేర్చుటకంటె భయంకరమైనది ఏ శ్మశానమునందు కలదు?

ఈ మర్మమును శ్రీనాథునికి నేర్పినది ఎవరు? పలనాటి పాటగాండ్రే యని మా విశ్వాసము. ఓరుగంటి వీథిలో పలనాటి వీరుల కథ పాడుటను క్రీడాభిరామము వర్ణించుచున్నది. అనగా ఆ కథ అప్పటికే దేశమంతట వ్యాపించియున్నది. నేటికిని కారెంపూడి వీరులగుడికడ కార్తికామావాస్య మొదలు ఐదు దినములు ఆరాధన జరుగుచున్నది. ఆ దినముల పేరులు వరుసగ రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. ఈ వరుసను గమనింపవలెను. కథాక్రమమున కోడిపోరు ముందు, రాయబారము తరువాత. ఉత్సవక్రమమున అలరాజు రాయబారము రెండవ దినము, కోడిపోరు నాలుగవ దినము. ఈ వరుసకు మూలకారణమేదియైన కానిండు, దాని ఫలితము స్పష్టము. అలరాజు చావును, మందకడ చిందిన నెత్తురును విన్న పిమ్మట జనము కోడిపుంజును చూచుచున్నది. ఆ రెక్కల చప్పుడునకు ఎంత వెల చెల్లింపబడినదో ముందే తెలిసి చూచుచున్నది. మరునాడు కల్లిపాడు, వీరులు నేలకొరుగు దినము. ఫలమును ముందు చెప్పి కారణమును పిదప చూపుట నేటి కథకులు గొప్ప నేర్పుగ చెప్పుకొనుచున్నారు. అక్షరము రాని జనము నాగులేటి ఒడ్డున దానిని ఏటేట అనుభవించుచునే యున్నది.

ఇక శ్రీనాథుని తుదిదినములు. ఆదరించిన ప్రభువులు ఒక్కరొక్కరుగ గతించిరి. కృష్ణ ఒడ్డున బొడ్డుపల్లెలో ఆయన పొలము గుత్తకు పట్టెనట. ఏటి వరదలో పైరు పోయినది; మిగిలినది పిట్టలపాలైనది. గుత్త ఏడు వందల టంకములు, చెల్లింపలేకపోయెను. కనకాభిషేకము చూచిన శిరస్సు క్రిందనే, ఆ భుజముపై, ఊరివాకిట నల్లగుండు నెత్తిరని చాటుపద్యము చెప్పుచున్నది. పాఠకులలో అనేకులు భూస్వాములు, కౌలుదారులు. పైరు పోయిన యేట గుత్తసొమ్ము గడువు దగ్గరపడుటలోని భయమును మేము వారికి వర్ణింప నక్కరలేదు. పో సైతము 1849లో బాల్టిమోరు నగరమున, నలుబదియేండ్లకే, దిక్కుమాలిన స్థితిలో మరణించెను. భయమును లోకమునకు రుచి చూపిన ఇరువురకును దారిద్ర్యమే కడపటి పాఠము చెప్పినది. కాని శ్రీనాథుడు తన చావునకు వెరవలేదు. తాను స్వర్గమునకు వచ్చుచున్నందుకు అచ్చటి కవులు దడవవలెనను భావముతో ఒక పద్యము చెప్పి కన్నుమూసెనని ప్రతీతి. జీవితమంతయు ఎదుటివారి గుండెలను బిగించినవాడు తన గుండెను సడలనీయలేదు.

ఇప్పుడు ఈపూరి యువకునికి మా సమాధానము. ఇంగ్లీషు కథలను చదువవలదని మేము చెప్పము, చదువవలసినదే. పోను గాని జేకబ్సును గాని చదువనివాడు కొంత రుచిని కోల్పోవును. కాని మనకు లేదని నిర్ణయించుటకు ముందు మన యింటి అటకపై ఏమున్నదో వెదకవలెను. హరవిలాసమును, కాశీఖండమును పరీక్షల కొరకు చదివి మూసివేయు అలవాటు పోవలెను. కారెంపూడి విద్యావంతుల పాటను వినువారుండవలెను. పాడువాడు వినువాడు లేక మానిన పాట ఏ ముద్రణాలయమునను దొరకదు.

అంతకంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. పలనాటి కథ వినోదమునకై పుట్టినది కాదు. పందెము, పౌరుషము, పాలు పంచుకొనుటలో పట్టుదల, మధ్యవర్తి ప్రాణమును తీసిన ద్వేషము: ఇవి 12వ శతాబ్దితో అంతరింపలేదు. మన గ్రామకక్షలలో వానిని నేటికిని చూచుచునే యున్నాము. ఒక గట్టు తగాదా, ఒక పందెపు మాట, ఒక ఎన్నిక. ఆపైన రెండు కుటుంబములు తరతరముల పాటు వెనుకకు చూచుచు నడచును, ఆ లేడివలె. ప్రతి కక్షయందును ఆపదగిన గడపలు మూడో నాలుగో ఉండును. తల్లి యొకతె, భార్య యొకతె, చెలికాడొకడు, ఊరి పెద్ద యొకడు. వారిలో ఏ ఒక్కరు నిలిచినను కథ అచ్చట ఆగును. శ్రీనాథుడు మనకు పుట్టించిన భయము ఆ గడపల దగ్గరి భయము. దానిని అనుభవించి, తన గడపకడ చేయి చాచి ఒకనిని ఆపగల గృహస్థు పలనాట ఒక్కడున్నను ఆ ద్విపదకు సార్థకత కలిగినట్లే.

వచ్చు కార్తికామావాస్యకు ఆ యువకుని వెంటబెట్టుకొని కారెంపూడికి పోవుదుమని ఆ వృద్ధునికి మాట యిచ్చియున్నాము. కోడిపోరు నాటి రాత్రి అక్కడ ఉందుము.